అడుగు తెలిసిన కాలు

పాదం గురించి ఎంతో నిశితంగా మాట్లాడే గ్రంథం ఒకటి ఓరుగల్లులో పుట్టింది. కాకతీయ గణపతిదేవుని గజసాహిణి, అంటే ఏనుగుల దళానికి అధిపతి అయిన జాయప సేనాని 1253-54 ప్రాంతంలో రాసిన నృత్తరత్నావళి అది. భరతుడి బాటలోనే అందులోనూ పాదం నేలను తాకే తీరులకు పేర్లున్నాయి. మడమ ఆన్చి మునివేళ్లు పైకెత్తితే అంచితం. అరికాలంతా నేలకు ఆనితే సమం. మడమ లేచి బరువు ముందుభాగానికి చేరితే అగ్రతలసంచరం. నాట్యం రానివాళ్లం కూడా రోజుకు కొన్ని వేలసార్లు ఈ మూడింటినీ ఇదే వరుసలో వేస్తూనే ఉంటాం. మన నడక అదే.

మోకాలి కింద కాలు పోయినవారికి దూరమయ్యేది ఈ వరుసే. షుగర్ ముదిరి పుండు మానకపోయినా, రోడ్డు మీదో పట్టాల మీదో ప్రమాదం జరిగినా, ప్రాణం నిలపడానికి ఒక్కోసారి కాలు తీయక తప్పదు. మోకాలు మిగిలిందంటే సగం నడక మిగిలినట్టే. ఆ మిగతా సగాన్ని తిరిగి తెచ్చే విద్య పెట్టుడు కాలు తయారీ. చూడటానికి కాలులా ఉంటే చాలని మనం అనుకుంటాం. ఆ విద్య తెలిసినవారు ముందు నడకను చూస్తారు, తర్వాతే కాలు చేస్తారు.

పని మొదలయ్యేది మిగిలిన కాలి దగ్గర. దాన్ని పట్టి ఉంచే గిన్నెలాంటి భాగమే సాకెట్. టెక్నీషియన్ ముందుగా వేళ్లతో తడిమి చూస్తాడు. ఎముక ఎక్కడ తేలి ఉంది, కండ ఎక్కడ మెత్తగా ఉంది, ఎక్కడ తాకితే మనిషి ఉలిక్కిపడుతున్నాడు, అన్నీ గమనిస్తాడు. ఆ చోట్ల రంగు పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, తడిపిన పిండికట్టు చుడతాడు. అది గట్టిపడేలోపు రెండు బొటనవేళ్లతో మోకాలి చిప్ప కింద అదిమి పట్టుకుంటాడు. విప్పిన కట్టులో ప్లాస్టర్ పోస్తే కాలి అచ్చు వస్తుంది. పెన్సిల్ గుర్తులు కూడా దాని మీదికి దిగుతాయి.

అసలు నేర్పు ఇప్పుడు కనిపిస్తుంది. చిప్ప కింది పట్టు బరువును ఓర్చుకుంటుంది కాబట్టి అక్కడ అచ్చును కాస్త గీకుతాడు. రేపు సాకెట్ ఆ చోట బిగువుగా ఆనుతుంది. ముంగాలి ఎముక కొస, బయటివైపున్న సన్నటి ఎముక తల ఒత్తిడిని ఓర్వలేవు. ఆ చోట్ల అచ్చు మీద ప్లాస్టర్ అద్దుతాడు. రేపు సాకెట్ అక్కడ కొంచెం ఎడంగా నిలుస్తుంది. ఈ పద్ధతి 1950ల చివర్లో అమెరికాలోని బర్క్‌లీలో కుదురుకుంది. లెక్క అక్కడిదైనా, ఆ గీకడం, అద్దడం ప్రతిచోటా చేతివాటమే. కొద్ది మిల్లీమీటర్లు తప్పితే చాలు, ఎంత ఖరీదైన కాలైనా ఇంట్లో మూలన పడుతుంది.

సాకెట్ కుదిరాక, దాని కింద పాదాన్ని ఎక్కడ, ఏ వాలులో నిలపాలో చూడాలి. మనిషిని రెండు కడ్డీల మధ్య నిలబెట్టి, నడుము ఎముకల మీద చేతులాన్చి రెండు వైపులా ఎత్తు సమంగా ఉందో లేదో చూస్తారు. తర్వాత నడవమంటారు. కాలు పొడవైతే, మంచికాలి మునివేళ్ల మీద లేచి దాన్ని ముందుకు దాటించాల్సి వస్తుంది. పొట్టిదైతే ఒళ్లు ఆ వైపు ఒరుగుతుంది. పాదం మరీ ముందుకు జరిగితే గుట్ట ఎక్కుతున్నట్టు ఉంటుంది. మరీ వెనక్కి జరిగినా, మడమ మరీ గట్టిగా ఉన్నా మోకాలు చటుక్కున మడతపడుతుంది. ఒక మరను కాస్త తిప్పి మళ్లీ నడిపిస్తారు. మళ్లీ తిప్పుతారు. మామూలు నడకలో ఒక్కో కాలు దాదాపు 60 శాతం సేపు నేల మీద, 40 శాతం సేపు గాలిలో ఉంటుంది. పెట్టుడు కాలి మీద నమ్మకం కుదరనివారు దాని వాటాను తగ్గించి మంచికాలి మీదికి త్వరగా దూకుతారు. ఆ తేడాను కళ్లు మూసుకున్నా పట్టుకోవచ్చు. రెండు అడుగుల చప్పుళ్ల మధ్య ఎడం సమమైతే తాళం కుదిరినట్టే.

ఇక పాదం. 1950ల్లో పాశ్చాత్య దేశాల్లో వాడుకలోకి వచ్చిన పాదానికి మడమ మెత్తన, చీలమండ కదలదు. బూటు తొడుక్కుని తిరిగేవారికి అది సరిపోయింది. మనం చెప్పులు విడిచి గడప దాటుతాం, బాసింపట్టు వేసుకుని అన్నం తింటాం, గొంతుక్కూర్చుంటాం, నాట్లప్పుడు మోకాటి లోతు బురదలో దిగుతాం. 1960ల చివర్లో జైపూర్‌లోని సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో ఎముకల వైద్యుడు పి.కె. సేఠీ, శిల్పి రామచంద్ర శర్మ కలిసి ఈ జీవితానికి తగిన పాదం చేశారు. లోపల స్పాంజిలాంటి రబ్బరు, చెక్క ఉంటాయి. పైన టైర్ల రబ్బరు తొడుగుతారు. అన్నింటినీ అచ్చులో పెట్టి కాల్చి ఒక్కటి చేస్తారు. చీలమండ దగ్గర అది అన్ని వైపులా వంగుతుంది కాబట్టి ఎగుడుదిగుడు గట్టు మీద కూడా నేలను పట్టుకుంటుంది. 1975లో మొదలైన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ఈ కాళ్లను ఉచితంగా అమరుస్తోంది.

తెలుగువారికి జైపూర్ కాలును పరిచయం చేసింది సినిమా. 1981లో ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న నర్తకి సుధా చంద్రన్ ఆ కాలితోనే మళ్లీ గజ్జె కట్టారు. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1985లో వచ్చిన ‘మయూరి’లో తన కథను తానే నటించి చూపారు. చీలమండ పోయిన మనిషి తాళం తప్పకుండా ఆడగలదని అప్పుడు ఊరూరా చూశారు.

రబ్బరు పాదం బరువును చక్కగా అందుకుంటుంది. మడమ లేచే వేళ పిక్క కండ ఇచ్చే తోపును మాత్రం అది ఇవ్వలేదు. ఆ కొరతను కార్బన్ ఫైబర్ కొంత తీరుస్తుంది. అడుగు వేసినప్పుడు స్ప్రింగులా వంగి, దాచుకున్న శక్తిలో చాలా భాగాన్ని మునివేళ్ల దగ్గర తిరిగి ఇస్తుంది. ఈ దారిలో హైదరాబాద్‌కు పాత అనుభవమే ఉంది. క్షిపణుల కోసం చేసిన తేలికపాటి పదార్థంతో అబ్దుల్ కలాం బృందం నిమ్స్ ఆసుపత్రి పిల్లలకు కాలిపట్టీలు చేసింది. మూడు కిలోలకు పైగా ఉండే పట్టీ 300 గ్రాములకు దిగింది. 2025 జులైలో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఎల్, బీబీనగర్ ఎయిమ్స్ కలిసి దేశీయ కార్బన్ పాదాన్ని విడుదల చేశాయి. దాన్ని 125 కిలోల బరువు దాకా పరీక్షించారు. దిగుమతి పాదం సుమారు 2 లక్షలైతే, ఇది 20 వేల లోపే వస్తుందని అంచనా. వరంగల్ నుంచి హైదరాబాద్ బస్సెక్కితే ఆ బీబీనగర్ దారిలోనే తగులుతుంది.

అయితే పాదం చవక కాగానే నడక వచ్చెయ్యదు. మొదటి నెలల్లో మిగిలిన కాలు సన్నబడుతుంది, సాకెట్ వదులవుతుంది, లోపల తొడిగే మేజోళ్లు పెంచాలి, చివరికి సాకెట్ మార్చాలి. ఎదిగే పిల్లలకైతే ఈ పని ఏళ్ల తరబడి సాగుతుంది. ఒక్కరోజు శిబిరంలో కాలు చేతికిచ్చి పంపితే సగం పని మిగిలిపోతుంది. కొలిచిన చెయ్యి, మర తిప్పే చెయ్యి మనిషికి అందేంత దూరంలో ఉండాలి. గట్టు మీద నడిచే రైతుకు, వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తా మోసే హమాలీకి, రోజంతా నిలబడి పాఠం చెప్పే పంతులమ్మకు ఒకే కాలు సరిపోదు. ‘నువ్వు రోజూ ఎక్కడ నడుస్తావు?’ అని అడిగి, జవాబు విని, దానికి తగ్గట్టు కాలు దిద్దేవారు కావాలి.

వరంగల్‌కు ఆ బలం ఉంది. కాకతీయ వైద్య కళాశాల, ఇవాళ నిట్‌గా ఉన్న రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ, రెండూ 1959లోనే ఇక్కడ మొదలయ్యాయి. గాయం తెలిసినవారు, లోహం తెలిసినవారు ఒకే ఊళ్లో ఉన్నారు. వారితో పాటు ప్లాస్టర్ గీకే చేతివాటం ఉన్న టెక్నీషియన్‌కు అంతే గౌరవం, నిలకడైన కొలువు దొరకాలి. అప్పుడే కాలు పోయిన మనిషి అడుగు మళ్లీ మడమతో మొదలై మునివేళ్లతో ముగుస్తుంది. అతను వీధిలో పోతుంటే ఆ చప్పుడుకు ఎవరూ తల తిప్పి చూడరు.