చేద పైకి వచ్చువఱకు

మా తాతగారు నాకు అమరకోశము చెప్పిన దినములలో, నాకు మిక్కిలి కోపము తెప్పించిన నియమ మొకటి యుండెను. సాయంకాలము అరుగుమీద నాలుగు శ్లోకములను పది మార్లు వల్లెవేయించి, అవి నోటికి వచ్చినవని నేను పొంగిపోవు తరుణముననే, "చాలురా, ఇంక లే!" అని పుస్తకము మూసివేసెడివారు. మఱునాడు తెల్లవాఱి నేను నూతికడ చేద తోడుచుండగా, "ఏదీ, ఒప్పజెప్పు" అనెడివారు. రెండవ శ్లోకపు మూడవ పాదమున నేను తడబడుట, చేద నడినూతిలో ఆగుట, ఆయన పెదవి కదపక ఆకాశము వంక చూచుట నిత్యకృత్యములు. గింజుకొని ఆ మాటను పట్టిన పిమ్మటనే చేదయు పైకి వచ్చెడిది.

రాత్రియే మఱి పది మార్లు చదివించిన ఈ యవమానము తప్పును గదా యని తలంచితిని. ఆ తలంపు సరికాదని కళాశాలలో మనశ్శాస్త్రము చదువునప్పుడు తెలిసెను. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అను జర్మను పండితుడు అర్థరహితములైన అక్షరగుచ్ఛములను దాదాపు 2,300 కల్పించుకొని, వానిని వరుసలుగా కూర్చి, గడియారపు టిక్కుటిక్కులకు అనుగుణముగా తానే వల్లించి, తన మఱపును తానే కొలిచి 1885లో ప్రకటించెను. ఒకసారి నేర్చినదానిని మరల నేర్చునప్పుడు ఎంత శ్రమ తగ్గునో అదియే ఆయన కొలబద్ద. ఆ లెక్కన గంట గడచుసరికే సగమునకు పైగా లాభము జాఱిపోయినది. నెల గడచినను అయిదింట ఒక పాలు నిలిచియే యున్నది. మఱపు మొదట పరుగెత్తి, పిదప నడక సాగించును. నన్ను అంతకంటె ఆకట్టినది మఱియొక లెక్క: 12 గుచ్ఛముల వరుసను ఒక్కనాడే 68 మార్లు వల్లించుటవలన ఒనగూడిన ఫలము, మూడు దినములకు పంచి 38 మార్లు వల్లించుటవలననే సిద్ధించెను. అనగా నడుమ కొంత మఱచిపోవుటకు వ్యవధి నిచ్చి, మరల అందుకొనుటయే తక్కువ శ్రమతో ఎక్కువ నిలుపుకొను మార్గము.

ఇప్పుడు నా మనుమరాలికి పద్యములు చెప్పుచున్నాను. పదవసారి పుస్తకము మూయుట నాకు కష్టము కాలేదు. తెల్లవాఱి ఆ పిల్ల పండ్లు తోముకొనుచు తడబడిన క్షణమున మాత్రము, అందవలసిన మాట ఆమెకు అందకముందే నా నోట జాఱిపోవుచున్నది. లెక్కలన్నియు కంఠస్థమైనవి, ఆకాశము వంక చూచు విద్య మాత్రము నాకింకను పట్టుబడలేదు.