అవధానం: మనసును కనిపెట్టుకునే విద్య

మనసు ఎటు పోతోందో గమనించుకోవడం నేర్పుతామంటూ ఇప్పుడు ఫోన్ నిండా యాప్‌లే. మంచిదే. కానీ ఆ పనిని నిండు సభలో, కాగితం కలం ముట్టకుండా, ఛందస్సులో చేసి చూపించే విద్య తెలుగువాళ్ల ఇంట్లోనే ఉంది.

అష్టావధానంలో ప్రశ్నలు వేసే పృచ్ఛకులు ఎనిమిదిమంది. సమస్య (ఇచ్చిన పాదంతో పద్యం పూరించడం), దత్తపది (ఇచ్చిన పదాలతో పద్యం అల్లడం), వర్ణనలాంటి పద్యాంశాలకు ఆవృత్తానికో, అంటే చుట్టుకో, పాదం చొప్పున చెప్పుకుంటూ పోతాడు అవధాని. అన్నిటికన్నా నాకు ప్రాణం నిషిద్ధాక్షరి: తర్వాత రాబోయే అక్షరాన్ని పృచ్ఛకుడు అడ్డుకుంటూ పోతాడు. అవధాని 'శ్రీ' అన్నాడనుకోండి. 'శ్రీరామ' అంటాడేమోనని పృచ్ఛకుడు 'ర' నిషేధిస్తాడు. అవధాని 'వా' వేస్తాడు. 'శ్రీవాణి' వస్తుందని 'ణ' నిషేధం. 'సు' వేస్తాడు. 'వాసుదేవ' రాకుండా 'ద' నిషేధం. 'ని' అంటాడు. 'శ్రీవాసుని' అయింది! గణం చెడలేదు, అర్థం చెడలేదు. తన నాలుక అలవాటుకొద్దీ ఎటు జారబోతోందో పృచ్ఛకుడికంటే ముందు తానే పట్టుకుంటే తప్ప ఇది సాధ్యం కాదు. మనసును చూసుకోవడమంటే ఇంతకంటే ఏం కావాలి?

ఈలోగా అప్రస్తుత ప్రసంగి ఏదో చిలిపి ప్రశ్న వేస్తాడు. సభంతా నవ్వుతుంది. అవధాని చమత్కారంగా జవాబిచ్చి, వదిలిన పాదం దగ్గరికే తిరిగి వస్తాడు. మధ్యలో మోగిన గంటలూ లెక్కపెట్టుకోవాలి. చివర ధారణ: ముక్కలుగా చెప్పిన పద్యాలన్నీ వరసగా, పొల్లుపోకుండా అప్పజెప్పాలి. 1991 నుంచి జరుగుతున్న ప్రపంచ జ్ఞాపకశక్తి పోటీల్లో పేకముక్కల వరస గుర్తుపెట్టుకుంటారు. గొప్పే. మనవాడు మాత్రం గుర్తుంచుకోవలసిందాన్ని అప్పటికప్పుడు పుట్టించాలి కూడా!

ఈ విద్యకు ఆద్యుడు మాడభూషి వేంకటాచార్యులని అంటారు. ఊరూరా ఊపు తెచ్చింది తిరుపతి వేంకట కవులనే జంట. సంస్కృతంలోనూ తెలుగులోనూ తమను ఓడిస్తే తీసేస్తామని మీసాలు పెంచారట! కొప్పరపు సోదర కవుల ఆశుధార మహావేగమే, కాదనను. అయినా నా ఓటు తిరుపతి వేంకట కవులకే. మన కాలం అవధానుల్లో ఆశావాది ప్రకాశరావు గారికి 2021లో, గరికిపాటి నరసింహారావు గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది.

నన్ను మండించేది నకిలీ. సమస్య ముందురోజే చేరిపోతుంది, పద్యం ఇంట్లోనే తయారవుతుంది, వేదిక మీద ఆలోచిస్తున్నట్టు కళ్లు మూస్తారు. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు మొహమాటపడి అవధానికి దారి వదులుతాడు. టైం లేదంటూ ధారణను ఎగ్గొడతారు. ధారణ లేనిది అవధానం ఎలా అవుతుంది? చప్పట్ల కోసం విద్యనే అమ్ముకోవడం కాదా ఇది?

నిజమైన అవధానం కరువైన ఈ లోటు మన జనగామ, మహబూబాబాద్ వైపు మరీ బాధ పెడుతుంది. పాల్కురికి సోమనాథుడి పాలకుర్తి, పోతన బమ్మెర జనగామ జిల్లాలోవే. దాశరథి పుట్టిన చిన్నగూడూరు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. పద్యం ఈ నేలకు కొత్త కాదు. అయినా మన బడుల్లో పద్యం రెండు మార్కుల ప్రశ్నగా మిగిలింది.

తెలుగు పంతుళ్లకు నాదొక్కటే మనవి. జనగామలో గానీ, మహబూబాబాద్‌లో గానీ, భూపాలపల్లిలో గానీ, శనివారం ఆఖరి పీరియడ్ పిల్లలకివ్వండి. మొదట ఆటవెలదిలో తేలికపాటి సమస్య చాలు. పుస్తకాలు మూయించండి. రెండు పాదాలయ్యాక మధ్యలో గంట కొట్టండి, ఊరి సంగతులు అడగండి, మళ్లీ పద్యం అందుకోమనండి. తడబడితే తిట్టొద్దు, ఎక్కడ తెగిందో వాళ్లనే చెప్పమనండి. సమస్యను మాత్రం ముందుగా ఎవరికీ చెప్పకండి.