నిద్ర చేయడం

నిద్ర వస్తుంది, నిద్ర పడుతుంది. ఈ మాటల్లో మన ప్రమేయం లేదు. ‘నిద్ర చేయడం’ మాత్రం వేరు. కళ్లు మూసుకోవడంతో దానికి పెద్ద పని లేదు, ఒకచోట రాత్రి గడపడమే ముఖ్యం. గుళ్లో నిద్ర చేసి మొక్కు తీర్చుకుంటారు. చావు జరిగిన ఇంటివాళ్లను బంధువులు నిద్రకు తీసుకుపోతారు. ‘ఈ రాత్రికి ఎక్కడ నిద్ర?’ అని అడగడంలో ఆదరణ ఉంది.

అదే ప్రశ్న పోలీసు అడిగితే? 1911 నాటి నేరస్థ తెగల చట్టం కింద పేరు నమోదైనవాళ్లు తామెక్కడ ఉంటున్నారో, ఇల్లు విడిచి ఎక్కడికి పోతున్నారో చెప్పుకోవాల్సి వచ్చేది. ఎరుకలవాళ్లకు చుట్టం ఇంట నిద్ర చేయడం కూడా పోలీసుకు చెప్పాల్సిన సంగతైంది. చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. మాట మీద పడిన మచ్చ అంత తొందరగా పోతుందా?

ఇప్పుడు ‘పల్లెనిద్ర’ వచ్చింది. అధికారి మన ఊళ్లో ఒక్క రాత్రి పడుకుంటే అదొక కార్యక్రమం, పేపర్లో ఫొటో. మనవాడు బెంగళూరులో కట్టని గోడల మధ్య సిమెంటు సంచులు పరుచుకుని నెలల తరబడి పడుకుంటే దానికి పేరే లేదు. (కనీసం ‘పట్నంనిద్ర’ అనైనా అనొచ్చు.)

సాహిత్యంలోకొస్తే, ఆడవాళ్లు పాడుకునే ‘ఊర్మిళాదేవి నిద్ర’ ఉంది. లక్ష్మణుడు అడవిలో పద్నాలుగేళ్లు రెప్ప వాల్చడు, ఊర్మిళ ఇంట్లో పద్నాలుగేళ్లు లేవదు. మొగుడు తిరిగొచ్చి లేపితే ఎవడో పరాయివాడనుకుని బెదిరిస్తుంది. చాలా గొప్ప ఊహ అది. ఆడమనిషి ఒంటరితనాన్ని రామాయణం పట్టించుకోని చోట ఈ పాట పట్టించుకుంది. అయినా ఎడబాటును నిద్రగా ఊహించడం అంతఃపురానికే కుదురుతుంది. అక్కడ నీళ్లు తెచ్చేవాళ్లు వేరే ఉన్నారు, పొయ్యి ముట్టించేవాళ్లు వేరే ఉన్నారు. కదిరి వైపు తండాలో మొగుడు వలసపోయిన మనిషి పడుకుంటే మేకలకు దిక్కెవరు? ఏ రాత్రివేళ కొళాయి వస్తుందో చూసుకునేదెవరు? మన పాటలో లక్ష్మణుడూ ఊర్మిళా ఇద్దరూ మేలుకునే ఉంటారు. ఆ పాట తెలుగులో ఇంకా నా కంటపడలేదు. రాయాల్సిన పిల్లలు హాస్టళ్లలో ఉన్నారు.

వాళ్లనే మనం క్లాసులో ‘నిద్రమొద్దు’ అంటాం. అమ్మానాన్నలు వలసపోగా అవ్వ దగ్గర మిగిలిన పిల్ల బెంచీ మీద కునికితే, టీచరు ముందు అడగాల్సింది ‘రాత్రి ఎక్కడ నిద్ర చేశావమ్మా?’ అని, చుట్టం అడిగినట్టు.