తెచ్చిన చోటే దింపడం

"ఏంది బాబూ, మళ్లీ తెచ్చి ఈడే దింపుతున్నారా? ఊళ్లో ఇంకో సందే దొరకలేదా?"

మొన్న మా సందు మొదట్లో ఆటో ఆపి, ఆపరేషనైన ఎర్రకుక్కను దించుతున్న కుర్రాణ్ణి ఒకావిడ అడిగిన మాట ఇది. వాడు తలొంచుకుని తాడు విప్పాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఈ వారం ఆవిడ సంగతేదో తేల్చేద్దామనే కలం పట్టాను.

కుక్కల్ని కాపాడే ఈ పిల్లల మీద జనం జాలిపడేది చావులు చూస్తుంటారని. నేను చూసినంతలో, చావు దగ్గర వాళ్లకు ఏడ్చే తీరికే ఉండదు. పార్వో సోకిన కూనకు సెలైన్ సీసా పట్టుకుని నిలబడాలి. పోతే గొయ్యి తవ్వాలి. అంతలో ఇంకో ఫోను. మెడ మీద పురుగులు పట్టిన పుండైతే ముక్కుకు గుడ్డ కట్టుకుని ఒక్కో పురుగునూ పట్టకారుతో లాగాలి. మా తాతల కాలంలో ఎద్దులకు సీతాఫలం ఆకు నూరి పట్టించేవాళ్లు. ఇప్పుడు స్ప్రే కొడుతున్నారు, కంపు మాత్రం అదే. చేతులు కడుక్కుని అటునుంచటే టిఫినుకు పోతారు. వాళ్లను పిండేది అది కాదు. కోలుకుని, తోకాడిస్తూ వెంటపడేదాన్ని పాత వీధిలోనే వదిలి ఆటో ఎక్కడం.

వదలక తప్పదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, గుర్తుగా చెవి కత్తిరించి, పట్టిన చోటే వదలమంటాయి 2023 నాటి నిబంధనలు. వీధి ఖాళీ అయితే టీకా లేని కొత్తవి వచ్చి చేరతాయి మరి. రేబిస్ ఉన్నవీ, మీదపడి కరిచేవీ తప్ప మిగతావాటి విషయంలో సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న అదే చెప్పింది. నవంబరు 7న మాత్రం బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో పట్టినవాటిని మళ్లీ అక్కడ వదలొద్దంది. మా సందు బస్టాండు కాదు గనక ఎర్రదానికి తిరిగొచ్చే హక్కు మిగిలింది.

నేనేం రాసినా దూరే పల్నాటి యుద్ధం ఇంకా రాలేదేమని చూస్తున్నారు కదూ! కోడిపందెం వల్ల యుద్ధం వచ్చిందంటారు అందరూ. కాదని నేను ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నాను. కోడి వల్ల పందెం ఓడిన మలిదేవరాజు వైపు వాళ్లకు వచ్చింది ఏడేళ్ల వనవాసం. గడువు తీరాక మా మాచర్ల మాకివ్వమని వాళ్లు అడిగారు. వాళ్ల తరఫున రాయబారానికెళ్లిన అలరాజు ప్రాణాలతో తిరిగిరాలేదు. కారెంపూడిలో నాగులేటి ఒడ్డున నెత్తురు పారింది అందుకు, తిరిగి రానివ్వనందుకు. కుక్కకూ మలిదేవరాజుకూ పోలికేమిటని కోప్పడకండి. కోడి మీద రాజ్యాన్నొడ్డిన నేల మీద కుక్క దగ్గర వీధి రెండుగా చీలితే వింతేముంది?

ఇంతవరకూ రాసి, ఆవిణ్ణి కడిగేస్తున్నానని కుర్రాడికి ఫోన్ చేశాను.

"వద్దు బాబాయ్. పోయినేడు ఆమె మనవణ్ణి కుక్క కరిచింది. ఇది కాదు, వేరేది. సూదులకు నేనే బండి మీద తీసుకెళ్లా. కోర్సు అయిపోయేదాకా, వాడు గ్లాసెత్తినప్పుడల్లా నీళ్లు మింగుతున్నాడా లేదా అని చూస్తా కూర్చునేది" అన్నాడు.

రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ఇక బతకడం ఉండదని ఆవిడకు ఎవరో చెప్పే ఉంటారు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లాడిని కుక్కలు చంపిన వీడియో ఎవరి ఫోనుకు రాలేదు గనక! ఆవిడ అడిగిందాంట్లో నాకిప్పుడు తప్పు కనపడటం లేదు. అడగాల్సిన మనిషే వేరు. ఈ ఆపరేషన్లు, టీకాలు నిబంధనల ప్రకారం స్థానిక సంస్థల బాధ్యత. ఏ కుక్కకు ఎప్పుడు టీకా పడిందో ఇంటింటికీ తిరిగి చెప్పాల్సింది జీతం తీసుకునేవాళ్లు. డిగ్రీ పరీక్షకు కట్టాల్సిన ఫీజు ఆటోకు పెట్టినవాడు కాదు.