టైల్స్ కింద ఏముందో ఎవరు చూశారు?

"బాత్‌రూమ్ అన్నాక కాస్త చెమ్మ రాకుండా ఉంటుందా అండీ?" ఈ మాట అనే కాంట్రాక్టరు మీద నాకు పెద్దగా కోపం రాదు. అతని వ్యాపారం అలాంటిది. ఆ మాటకి తలూపి, కింద ఫ్లాట్ సీలింగుకి తన ఖర్చుతో ఇంకో కోటు పెయింటు వేయించే ఇంటాయన్ని చూస్తే మాత్రం చిరాకు. కాలిఫోర్నియాలో బాత్‌రూమ్ పని పాడుచేసిన కాంట్రాక్టరు మీద క్రమశిక్షణ చర్య ఎలా నడుస్తుందో చదువుతూ కూర్చున్నాక, ఈ వారం ఆ చిరాకు రెట్టింపైంది. నా వాటం పిచ్చి పాత పాఠకులకి కొత్త కాదు. డాబా అయినా, వీధి కాలవ అయినా, బస్టాండు ప్లాట్‌ఫారం అయినా, నీళ్ళు ఎటు పోవాలో ఆలోచించకుండా కట్టిన ప్రతిదాన్నీ ఇక్కడ తిట్టే ఉన్నాను. ఇవాళ వంతు స్నానాలగదిది.

కాలిఫోర్నియాలో కాంట్రాక్టర్లకి లైసెన్సులిచ్చే బోర్డు 1929 నుంచి ఉంది. వెయ్యి డాలర్లు, ఆపైన విలువ చేసే పని ఒప్పుకోవాలంటే ఆ లైసెన్సు ఉండాలి. 2024 దాకా ఆ గీత 500 డాలర్ల దగ్గరే ఉండేది. లైసెన్సు కావాలంటే నాలుగేళ్ళ పని అనుభవం చూపించాలి, పరీక్ష రాయాలి, 25,000 డాలర్ల బాండు పెట్టాలి. టైల్స్ పనికి ఒక వర్గం, ప్లంబింగ్‌కి ఒక వర్గం, పాత ఇళ్ళలో మార్పులు చేసేవాళ్ళకని 2021 నుంచి ఇంకో వర్గం. పని చెడితే ఇంటివాళ్ళు నాలుగేళ్ళలోపు ఫిర్యాదు చేసుకోవచ్చు. బోర్డు వెంటనే కొరడా తీయదు. ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీకి చూస్తుంది, కొన్ని కేసుల్ని మధ్యవర్తికి అప్పగిస్తుంది. అక్కడా తెగకపోతే అదే పని చేతులారా చేసి తెలిసిన నిపుణుణ్ణి ఇంటికి పంపుతుంది. ఎక్కడ తప్పు జరిగింది, సరిచేయడానికి ఎంతవుతుంది అని అతను రాసిస్తాడు. విషయం ముదిరితే రిజిస్ట్రార్ పేరుతో అభియోగపత్రం తయారవుతుంది, విచారణ న్యాయాధికారి ముందుకి వెళుతుంది. లైసెన్సు కొన్నాళ్ళు ఆపేయవచ్చు, షరతులతో ఉంచవచ్చు, లేదా రద్దు చేయవచ్చు. రద్దయితే తిరిగి తెచ్చుకోవడానికి కనీసం ఏడాది ఆగాలి, పోయిన డబ్బు కట్టమని ఉత్తర్వులో ఉంటే అది కట్టినట్టు చూపించాలి. ఫలానా కాంట్రాక్టరు మీద ఇలాంటి చర్య జరిగిందన్న సంగతి రేపు అతన్ని పిలవబోయే ఇంకో ఇంటావిడ చూసుకోవచ్చు.

ఇంత తతంగమూ చివరికి నిలబడేది ఒక్క ప్రశ్న మీద. పని నచ్చిందా లేదా అని కాదు, అనుకున్న రోజుకి అయిందా అని కూడా కాదు. వాటికి వేరే నిబంధనలున్నాయి. ఆ రాష్ట్ర చట్టంలో 7109 సెక్షన్ అడిగేదల్లా, ఆ వృత్తివాళ్ళందరూ ఒప్పుకున్న పనితీరు నుంచి ఇతను కావాలని, చెప్పుకోదగ్గంతగా పక్కకి పోయాడా అన్నది. అలా అడగాలంటే ఒప్పుకున్న పనితీరు ఏమిటో ముందే కాగితం మీద ఉండాలి. ఉంది. షవర్ నేల కింద పరిచే నీళ్ళు దిగని పొరకి ప్రతి అడుగుకీ పావు అంగుళం వాటం ఉండాలని ప్లంబింగ్ కోడ్ చెబుతుంది (ఈ వాక్యం చదివి నేనెంత సంతోషించానో మీరు ఊహించగలరు). పైన టైల్స్ పడకముందే ఆ నేలని గడప ఎత్తు దాకా నీళ్ళతో నింపి, దిగుతున్నాయేమో చూడమంటుంది. తడి తగిలే చోట టైలు వెనకభాగం నూటికి 95 వంతులు మసాలాకి అంటుకుని ఉండాలని టైల్స్ పని ప్రమాణాలు చెబుతాయి. పొడి గదిలో 80 చాలు. కాబట్టి నిపుణుడు ఒక టైలు పెకలించి చూస్తే, నాలుగు మూలలా నాలుగు ముద్దలు, నడుమ ఒక ముద్ద, మిగతాదంతా గుల్ల అని తేలితే వాదన అక్కడికి ముగిసినట్టే. మన దగ్గర వాదన అక్కడే మొదలవుతుంది. "ఇరవై ఏళ్ళుగా ఇలాగే వేస్తున్నాం సార్" అంటారు. ఆ జవాబుని కాదనడానికి ఇంటాయన చేతిలో ఏమీ ఉండదు.

మనకి పుస్తకాలు లేవా అంటే, ఉన్నాయి. 2016 జాతీయ భవన నిర్మాణ కోడ్ ఉంది, టైల్స్‌కి ఐఎస్ 15622, వాటిని అతికించే పదార్థానికి ఐఎస్ 15477 ఉన్నాయి, కేంద్ర ప్రజాపనుల శాఖ స్పెసిఫికేషన్లు ఉన్నాయి. అంతకంటే విచిత్రం, కాంట్రాక్టరు మీద క్రమశిక్షణ అన్నదే మనకి కొత్త కాదు. ఇంటి యజమాని ప్రభుత్వమైతే అన్నీ ఉంటాయి. తరగతుల వారీగా రిజిస్ట్రేషన్, ధరావతు, బిల్లులోంచి పట్టి ఉంచే సొమ్ము, పని అయ్యాక కొన్నాళ్ళ పాటు లోపాలకి జవాబుదారీ, కొలతలు రాసే ఎం-బుక్, చివరికి బ్లాక్‌లిస్టు. ఆ బ్లాక్‌లిస్టులో పెట్టేముందు కాంట్రాక్టరు చెప్పేది వినాలని సుప్రీంకోర్టు 1975లోనే ఎరూసియన్ ఎక్విప్‌మెంట్ కేసులో చెప్పింది. అంటే సర్కారు మరుగుదొడ్డి కట్టేవాడికి హక్కులూ, బాధ్యతలూ, శిక్షా అన్నీ రాసి ఉన్నాయి. అదే మనిషి పక్క వీధిలో ఒక టీచరమ్మ ప్రావిడెంట్ ఫండ్ తీసి చేయించుకునే బాత్‌రూమ్ పని ఒప్పుకుంటే, ఉండేవి ఒక విజిటింగ్ కార్డు, వాట్సాప్‌లో వచ్చిన అంకె, ఫోన్‌పేలో వెళ్ళిన అడ్వాన్సు. బిల్డర్ దగ్గర కొత్త ఫ్లాట్ కొన్నవాళ్ళకి రెరా చట్టం 14వ సెక్షన్ అయిదేళ్ళ రక్షణ ఇచ్చింది, పనితనంలో లోపం చూపిస్తే 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలంది. పాత ఇంట్లో స్నానాలగది పగలగొట్టి మళ్ళీ కట్టించుకునేవాళ్ళు ఆ గొడుగు కిందకి రారు.

ఇక్కడిదాకా వచ్చాక ఎవరైనా తర్వాతి వాక్యం రాసేస్తారు: తెలుగు రాష్ట్రాల్లోనూ అలాంటి బోర్డు పెట్టాలి, లైసెన్సు లేనివాడు ఇంట్లో సుత్తి ఎత్తకూడదు. నా కలమూ అటే పోయింది. ఆపింది టెక్సస్. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, సన్నీవేల్‌లో మనవాళ్ళు ఎందరున్నారో డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, అర్వింగ్‌లలోనూ అలాగే ఉన్నారు. కానీ టెక్సస్‌లో బాత్‌రూమ్ మార్పులు చేసే కాంట్రాక్టరుకి రాష్ట్ర లైసెన్సే అక్కర్లేదు. ప్లంబరుకీ ఎలక్ట్రీషియనుకీ మాత్రం కావాలి. ఇళ్ళ నిర్మాణం మీద 2003లో ఒక కమిషన్ పెట్టారు, ఇంటివాళ్ళకి అది ఒరగబెట్టిందేమీ లేదన్న విమర్శలొచ్చాయి, 2009లో అక్కడి శాసనసభ దాని గడువు పొడిగించలేదు. ఇప్పుడు గొడవొస్తే దావాకి 60 రోజుల ముందు కాంట్రాక్టరుకి రాతపూర్వకంగా నోటీసివ్వాలి, ఆ తర్వాత కోర్టు. అయినా టెక్సస్ ఇళ్ళన్నీ కారిపోవడం లేదు. రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నది ఇంకొకటుంది: ప్లంబింగ్ మార్చే పనికి మామూలుగా నగరం పర్మిట్ కావాలి, గోడ మూసేముందు ఇన్‌స్పెక్టరు వచ్చి లోపల చూసి వెళతాడు. లైసెన్సు అన్నది పని చేసేవాడి గురించి చెబుతుంది. తనిఖీ అన్నది పని గురించి చెబుతుంది. క్రమశిక్షణ చర్య ఈ రెండూ అయిపోయాక, నీళ్ళు దిగాక, మొదలవుతుంది. రద్దయిన లైసెన్సు ఏ సీలింగునీ ఆరబెట్టదు.

అలాగని మనకీ ఇన్‌స్పెక్టర్ని తెమ్మంటానా? టైల్స్ మార్చుకోవడానికి మున్సిపాలిటీ గడప తొక్కాల్సిన నియమం పెడితే, పుట్టేది తనిఖీ కాదు, ఇంకో రేటు. అదొక్కటే నా భయం కాదు. మన దగ్గర పని ఏ చేతి నుంచి ఏ చేతికి పోతుందో చూడాలి. ఇంటాయన ఒప్పుకునేది ఇంటీరియర్స్ సంస్థతో. వాళ్ళు లేబర్ కాంట్రాక్టరుకి ఇస్తారు, అతను మేస్త్రీకి ఇస్తాడు, మేస్త్రీ తన పక్కన పెట్టుకునే కుర్రవాళ్ళు బిహార్ నుంచో రాజస్థాన్ నుంచో వచ్చినవాళ్ళు. లైసెన్సు ఆఫీసున్నవాడికి వస్తుంది. శిక్ష మాత్రం నిచ్చెనలో అట్టడుగు మెట్టుకి జారుతుంది. కూలి ఆగేది అక్కడే. కాలిఫోర్నియాలో దీనికి విరుగుడు ఉంది. కింద ఎవరితో చేయించినా లైసెన్సు ఉన్నవాడే జవాబు చెప్పాలి, పైగా కూలి అందని పనివాడు ఆ ఇంటి మీదే హక్కు నమోదు చేయించుకోగలడు. కాంట్రాక్టర్ని దండించే చట్టం పనివాణ్ణి కూడా కాపాడుతుంది కాబట్టి అక్కడ అది నడుస్తోంది. మొదటి సగం మాత్రం దిగుమతి చేసుకుంటే మేస్త్రీ నలిగిపోతాడు.

నిజానికి తప్పు మొదలయ్యేది మేస్త్రీ చేతిలో కాదు, ఎస్టిమేటులో. టైల్స్ కూలి చదరపు అడుగుకి ఇంత అని కడతాం. చదరపు అడుగులు కనబడేవి పైనే. సన్‌కెన్ స్లాబులో చెత్త ఊడ్చి, పైపు చుట్టూ సందులు పూడ్చి, వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు వేసి, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఆరనిచ్చి, గోడ మీదకి అడుగు ఎత్తు ఎక్కించి, నీళ్ళు నిలబెట్టి చూడటానికి పట్టే రోజులకి మన లెక్కలో చోటు లేదు. ఆ రోజుల్లో మేస్త్రీ ఒక్క అడుగు కూడా "కొలిచి ఇవ్వడు". అతను నిజాయితీగా పని చేస్తే నష్టపోయేలా ధర కట్టి, తర్వాత అతన్ని విచారణకి పిలవడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. నహానీ ట్రాప్ చుట్టూ వాటం సరిగ్గా తీయాలంటే పెద్ద టైలుని కోసి నాలుగు వాలులుగా పరచాలి. కోత ఎక్కువ, కొలత తక్కువ. అందుకే నీళ్ళు తలుపు వైపు పోతాయి.

దీనికి ఎదురుమాట నాకు తెలుసు. "కస్టమరే కదా గీచి గీచి బేరమాడేది, ఇచ్చిన డబ్బుకి తగ్గ పని" అంటారు కాంట్రాక్టర్లు. సగం నిజం. చవక కుళాయి పెట్టించుకోవడం కస్టమరు ఎంపిక. అతను దాన్ని చూశాడు, ధర విన్నాడు. రెండో పూత మానేయడం ఎవరి ఎంపిక? ఆ సంగతే అతనికి ఎవరూ చెప్పలేదు. దాన్ని విడి పద్దుగా రాసి, విడి ధర వేసి, వద్దంటే వద్దని అతనితో సంతకం పెట్టించుకుంటే అప్పుడు కాంట్రాక్టరు మాట చెల్లుతుంది. రెండో ఎదురుమాట, వినియోగదారుల కమిషన్ ఉందిగా అని. ఉంది, మంచిదే. ఇల్లు కట్టడం కూడా సేవేనని సుప్రీంకోర్టు 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో తేల్చింది. 2019 చట్టం కింద, ఇచ్చిన సొమ్ము 50 లక్షలు దాటకపోతే జిల్లా కమిషన్‌కే పోవచ్చు, 5 లక్షల దాకా ఫీజు లేదు, ప్లీడరు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్ళు. కానీ అక్కడ కూడా మొదటి ప్రశ్న సాక్ష్యమే. ఒప్పందంలో ఏం రాశారు, ఏం చేయలేదు? "బాత్‌రూమ్ పని మొత్తం కలిపి" అని ఒక్క అంకె ఉన్న వాట్సాప్ మెసేజ్‌లోంచి ఏ కమిషన్ అయినా ఏ లోపాన్ని తీస్తుంది? పైగా టైల్స్ పడిపోయాక లోపలేముందో చెప్పాలంటే మళ్ళీ పగలగొట్టాలి.

మూడోది కాస్త బలమైనది: ఎం-బుక్కులూ ధరావతులూ ఉన్న సర్కారు భవనాలే కదా అందరికంటే ముందు కారేది? కాదనలేను, జిల్లా ఆస్పత్రుల సీలింగులు మీరూ చూశారు. అక్కడ కొలతలు రాసేవాడిదీ, డబ్బిచ్చేవాడిదీ, తడిసేవాడిదీ ఒకే ఒళ్ళు కాదు. సొంత ఇంట్లో ముగ్గురూ ఒకరే. అందుకే ఆ పద్ధతి సర్కారు చేతిలో కంటే ఇంటావిడ చేతిలో బాగా పనిచేస్తుందని నా వాదన. కాలిఫోర్నియా నుంచి నేను తెచ్చుకునేది బోర్డుని కాదు, అడ్వాన్సు నియమాన్ని. ఇంటి మార్పుల పనిలో అక్కడ ముందస్తు సొమ్ము ఒప్పందంలో పదో వంతు లేదా వెయ్యి డాలర్లు, రెండిట్లో ఏది తక్కువైతే అది. ఆ తర్వాత కూడా అయిన పనికి మించి పుచ్చుకోకూడదు. మన దగ్గర సగం ముందే ఇచ్చేసి, మిగతా సగానికి మన పని కోసం మనమే ఫోన్లు చేస్తూ బతిమాలుకుంటాం. కూలి ఏ రోజుది ఆ రోజు ఇవ్వాల్సిందే, దాన్ని పట్టి ఉంచమనడం లేదు. పట్టి ఉంచాల్సింది కాంట్రాక్టరు లాభంలోంచి, అదీ కొన్ని నెలలు, ఒక వానాకాలం గడిచేదాకా. తిరిగొచ్చి సరిచేసినవాడికి పూర్తిగా ఇవ్వాలి, నాలుగు ఇళ్ళకి అతని పేరు చెప్పాలి.

ఎస్టిమేటులో వాటర్‌ప్రూఫింగ్ విడి పద్దుగా ఉండాలి, దాని డబ్బు నీటి పరీక్ష అయ్యాకే ఇవ్వాలి. ట్రాప్ నోరు బిగించి, గది నేలంతా నీళ్ళు నిలబెట్టి, మట్టం దగ్గర పెన్సిలు గీత పెట్టి, 48 గంటలు వదిలేయాలి. ఆ రెండు రోజులూ టైల్స్ మేస్త్రీకి వేరే గదిలో పని చూపించండి, లేదా ఊరికే కూలి ఇవ్వండి. మొత్తం బడ్జెట్‌లో అది ఒక కుళాయి ఖరీదు. ఫొటోలు తేదీతో తీసుకోండి. రెండో రోజు సాయంత్రం కింద ఫ్లాట్ వాళ్ళని కూడా పిలిచి, వాళ్ళ సీలింగు వాళ్ళతోనే చూపించి, ఆ కాగితం మీద వాళ్ళ సంతకం కూడా తీసుకుంటే ఇంకా మంచిది. రేపు కేసు వేసేది ఎలాగూ వాళ్ళే.