నడక ఎవరిది? నిలబడే చోటు ఎవరిది?

చార్మినార్ చుట్టూ వాహనాలు ఆపి, రాతిపలకలు పరిచి, ఆ ప్రాంతాన్ని పాదచారులకు వదిలే పథకం రెండు దశాబ్దాలకు పైగా సాగుతున్నది. 1591 నాటి కట్టడాన్ని పొగ నుంచి, అదురు నుంచి కాపాడతామంటే మేం కాదనం. కార్లు లేనివాళ్లం, నడవడానికి దారి దొరికితే ముందు సంతోషించేది మేమే. మా పేచీ వేరే. ఈ పథకం ఊహించుకున్న పాదచారి ఎవరు?

చండ్రుగొండ అడవి పక్క పల్లెల్లో నడకంటే షికారు కాదు. కూలికి పోవడం, కట్టెలకు పోవడం, బస్సు రాకపోతే ఇల్లు చేరడం. ఇట్లాంటి నడక ప్లానుల్లోకి ఎక్కదు. ప్లానులో పాదచారి అంటే వచ్చి, చూసి, కొనుక్కుని పోయేవాడు. గాజులో, పండ్లో బండి మీద పెట్టుకుని పొద్దంతా నిలబడేవాడు ‘అడ్డం’. తెల్లారకముందే ఆ రాళ్లు ఊడ్చే ఆమె అసలు లెక్కలోనే లేదు.

ఈ దేశంలో నడక కులాన్ని దాటి ఏనాడూ లేదు. 1924లో వైకోంలో గుడి చుట్టూ రోడ్ల మీద నడిచే హక్కు కోసం సత్యాగ్రహం చేయాల్సొచ్చింది. 1925లో రాజీ కుదిరినా తూర్పు దారి అవర్ణులకు తెరవలేదు. 1991లో చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ, ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్యదాకా పోయింది. చార్మినార్ దగ్గర కులం అడిగి ఎవర్నీ ఆపరు, నిజమే. అక్కడి బండివాళ్లలో పేద ముస్లింలే ఎక్కువ. అయినా వీధి ఎవరిదో పైవాళ్లే తేల్చే పద్ధతి మాకు కొత్తది కాదు.

2014 వీధి వర్తకుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ తొలగించకూడదు. పట్టణ కమిటీలో వర్తకుల ప్రతినిధులు నూటికి 40కి తగ్గకూడదు. అందులో మూడోవంతు ఆడవాళ్లు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు చోటుండాలి. రాయి పరిచేముందు ప్లాను ఈ కమిటీ ముందుకు రావాలన్నదే మా వాదన.

రేపు భద్రాచలం గుడి వీధులకు ఇట్లాంటి ప్లానే వస్తే మనం అడగాల్సినవి మూడే. బండి నిలిపే చోటు ఎక్కడ గీశారు? ఊడ్చేవాళ్లకు నీళ్లు, మరుగుదొడ్డి ఎక్కడ? దీని మీద సంతకం పెట్టినవాళ్లలో మనవాళ్లెంతమంది?