రామభద్ర ఫాంటు: స్థూలాక్షర గుణ వివేచనము

అక్షరమునకు రెండు ధర్మములు కలవు: చూపును పిలుచుట, అర్థమును చేర్చుట. పుస్తకములోని చిన్నయక్షరము రెండవదానితో తృప్తి చెందును. గోడపత్రికలోని పెద్దయక్షరము మొదటిదానికై పుట్టినది. స్థూలాక్షరమును విమర్శించువారు ఈ రెంటిని తూచి చూడవలెను.

పాశ్చాత్యులలో ఇట్టి అక్షరములకు పేరొందినది స్లాబ్ సెరిఫ్ జాతి. గీతల కొనలయందు ఇటుకవంటి దళసరి పాదములుండుట దీని లక్షణము. 19వ శతాబ్ది రెండవ దశకమున లండనులో విన్సెంట్ ఫిగ్గిన్స్ దీనిని 'ఆంటిక్' అను పేర అచ్చునకు తెచ్చెను. 1827లో న్యూయార్కున డేరియస్ వెల్స్ కొయ్య అక్షరములను యంత్రముతో విరివిగా చేయు విధానమును కనిపెట్టగా, పెద్దయక్షరముల ప్రకటనలు సులభమయ్యెను. 1845లో రాబర్ట్ బెస్లీ ప్రకటించిన 'క్లారెండన్' చిన్న పరిమాణమునను నిలిచి, వచనము నడుమ ముఖ్యపదమును ఎత్తిచూపుటకు పనికివచ్చెను.

మన లిపికి అట్టి పాదములు లేవు. ఉన్నవి తలకట్టును, వలయమును. కావున తెలుగున బరువు గీత లావునుండియే రావలెను. ఇందులకు తగిన యుదాహరణము రామభద్ర. అష్టదిగ్గజములలో పరిగణింపబడు అయ్యలరాజు రామభద్రుని పేర, 2013లో గుత్తుల పురుషోత్ కుమార్ రూపొందింపగా సిలికానాంధ్ర సంస్థ ఎల్లరకు ఉచితముగా అందించిన ఫాంటిది. శుభలేఖ, సభావేదిక, గ్రంథపు ముఖపత్రము మున్నగువానియందు ఇది దూరమునుండియే పలుకరించును. ఈ గుణము మెచ్చదగినదే.

అయితే లావునకు మూల్యము కలదు. గీత లోనికిని పెరుగును. పెరిగినకొలది అక్షరపు పొట్టలోని తెల్లదనము తరుగును. మన లిపిలో అర్థభేదము పెక్కుచోట్ల ఆ తెల్లదనమునందే యున్నది. ర, ఠ లకు భేదము పొట్టలోని చుక్క. ధ, థ లకును అదియే. పెద్ద పరిమాణమున చుక్క నిలుచును. కుదించి ముద్రించినచో సిరా క్రమ్ముకొని 'కథ' 'కధ'గాను, 'రథము' 'రధము'గాను కనబడవచ్చును.

తెలుగు నిత్యము చదువువారు అలవాటుచే దీనిని సరిదిద్దుకొందురు. మా అత్తిమంజేరిపేటలో సంగతి వేరు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతము ఆంధ్రప్రదేశమునుండి మద్రాసు రాష్ట్రమున చేరినది. 2006 నాటి చట్టముచే, ఒకటవ తరగతి మొదలు ఏటికొక తరగతిగా తమిళము నిర్బంధ పాఠ్యమైనది. తమిళము నేర్చుట మేలే. కాని మా పిల్లలకు బడి వెలుపల తెలుగక్షరము కంటబడు తావులు కొద్ది. పెండ్లిపత్రిక, అంగడి బోర్డు, సంఘమువారి కరపత్రము వారికి రెండవ వాచకములు. అందు థకారము ధకారముగా కనబడినచో, పిల్లవాడు దానినే నేర్చును.

కావున శీర్షికకు, నాలుగైదు మాటల పెద్ద బోర్డునకు రామభద్రను నిస్సంకోచముగా వాడవచ్చును. చిరునామాకు, కార్యక్రమ వివరములకు, పద్యములకు పలుచని యక్షరమే తగును. బోర్డుపై తెలుగునకు దొరకిన చోటు ఇరుకైనచో లావును తగ్గింపవలెను. అచ్చునకు పంపుటకు ముందు, అసలు పరిమాణముననే ఒక ప్రతి తీసి, అందలి థ, ఠ లను ఒక బాలునిచే చదివించి చూచుట సంఘములవారికి కష్టమైన పని కాదు.